చూపు నిలిచిపోయే మూర్ఛ: ఏ మందు, ఎందుకు?

కొన్నేళ్ళ క్రితం కోరుట్ల దగ్గరి ఒక పల్లె నుండి ఒక నాయనమ్మ తన ఏడేళ్ళ మనవరాలిని మా ఆసుపత్రి ఓపీకి తీసుకొని వచ్చింది. పాప తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు, తల్లి ఇంటి దగ్గర బీడీలు చేస్తుంది. వచ్చింది జ్వరానికి, దగ్గుకు. నేను పాప చంకలో థర్మామీటరు పెట్టి "ఏ క్లాసు చదువుతున్నవమ్మా?" అని అడిగాను. పాప "రెండో..." అని ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నా ముఖం వైపే ఉన్నాయి, కాని నన్ను చూడడం లేదు. రెప్పలు సన్నగా కొట్టుకున్నాయి. మనసులో పది లెక్కపెట్టేలోగా మళ్ళీ మామూలుగా అయ్యింది. నేను ఏం అడిగానో తెలియనట్టు నా వైపు చూసింది.

"గిదే సిస్టరమ్మా, పిలిస్తే పలుకది. దిక్కులు చూస్తున్నవని బడిల సారు రోజు కొడ్తున్నడు. గాలి సోకిందంటే మొన్న తాయెత్తు గూడ కట్టిచ్చిన" అంది నాయనమ్మ.

ఆ పాపకు సోకింది గాలి కాదు. అది పెంకితనమూ కాదు. అది పిల్లలలో వచ్చే ఒక రకమైన మూర్ఛ. డాక్టర్లు దీనిని చైల్డ్‌హుడ్ ఆబ్సెన్స్ ఎపిలెప్సీ అంటారు. పాత పుస్తకాలలో పెటీ మాల్ అని ఉంటుంది, అంటే చిన్న జబ్బు అని అర్థం. పేరుకే చిన్నది. రోజుకు పదుల సార్లు, కొందరికి వంద సార్లకు పైగా వస్తే ఆ బిడ్డ చదువు ఎలా సాగుతుంది?

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. నేను నర్సింగ్ డిప్లొమా చదివే రోజుల్లో మూర్ఛ అంటే కింద పడి, కాళ్ళు చేతులు కొట్టుకొని, నోట్లో నురగ రావడం అనే నా మనసులో నాటుకుపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి బాబునే ఒక తల్లి తీసుకొని వస్తే "ఏదో ఆలోచిస్తున్నాడమ్మా, బలానికి టానిక్ పట్టించు" అని పంపించాను. డాక్టరు గారి దాకా కూడా పంపలేదు. ఆ తల్లి మళ్ళీ రాలేదు. అందుకే ఈ పాఠం కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఎలా గుర్తుపట్టాలి?

ఈ మూర్ఛ సాధారణంగా 4 నుండి 10 సంవత్సరాల మధ్య మొదలవుతుంది. 5, 6, 7 ఏళ్ళ పిల్లల్లో ఎక్కువగా చూస్తాము. అప్పటిదాకా బాగా ఆడి పాడిన బిడ్డే. నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, లేదా అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేస్తుంది. చూపు ఒకచోట నిలిచిపోతుంది. రెప్పలు కొట్టుకోవచ్చు, పెదవులు చప్పరించినట్టు కదలవచ్చు. కింద పడదు. 5 నుండి 20 సెకన్లలో అయిపోతుంది. తర్వాత మత్తు, నిద్ర, తలనొప్పి ఏమీ ఉండవు. ఆగిన చోటనే పని మళ్ళీ మొదలు పెడుతుంది. మధ్యలో ఏం జరిగిందో బిడ్డకు తెలియదు.

అన్ని చూపులూ మూర్ఛ కాదు. పిల్లలు ఆలోచనలో పడితే కూడా అలాగే చూస్తారు. తేడా ఇది: ఆలోచనలో ఉన్న పిల్లవాడిని భుజం తట్టి పిలిస్తే తిరిగి చూస్తాడు. ఈ మూర్ఛలో తట్టినా, పిలిచినా, కళ్ళ ముందు చేయి ఆడించినా తెలియదు. ఇంకొకటి, ఆలోచన అనేది విసుగు పుట్టినప్పుడు వస్తుంది, లెక్కల క్లాసులో వస్తుంది. ఈ మూర్ఛ ఆటలో కూడా వస్తుంది, ఇష్టమైన పాయసం తింటున్నప్పుడు కూడా వస్తుంది. తల్లులతో నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న అదే: "ఆడుకునేటప్పుడు గూడ ఆగుతుందా?"

ఇప్పుడు ప్రతి ఇంట్లో కెమెరా ఉన్న ఫోను ఉంది. ఆ పది సెకన్లు వీడియో తీసి తీసుకొని రండి. మీరు అరగంట చెప్పినదానికంటే ఆ వీడియో డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

ఓపీలో డాక్టరు బిడ్డ చేత కాగితం ఫ్యానును గట్టిగా, ఆపకుండా ఊదిస్తారు. లోతుగా, వేగంగా ఊపిరి తీసి వదులుతుంటే చాలామంది పిల్లలకు 3 నిమిషాల లోపలే ఈ మూర్ఛ వచ్చి కనిపిస్తుంది. పైసా ఖర్చు లేని పరీక్ష. అయితే ఇంటి దగ్గర చుట్టాలందరికీ చూపించడానికి దీనిని మళ్ళీ మళ్ళీ చేయించకండి.

తర్వాత ఈఈజీ తీయించాలి. మెదడులో పుట్టే సన్నని విద్యుత్తును తల మీద తీగలు పెట్టి రాసే పరీక్ష ఇది. కరెంటు పెడతారని చాలామంది భయపడి పారిపోతారు. కరెంటు పెట్టరు. మెదడు నుండి వచ్చేదానిని యంత్రం రాసుకుంటుంది, అంతే. ముందురోజు తలంటి స్నానం చేయించి, నూనె రాయకుండా తీసుకెళ్ళండి. నూనె ఉంటే తీగలు అంటుకోవు.

మెదడులో ఏం జరుగుతుంది?

సిరిసిల్ల వాళ్ళకు దీనిని చెప్పడం నాకు సులువు. ఒక షెడ్డులో నలభై సాంచాలు నడుస్తున్నాయనుకోండి. ఒక్కొక్కటి దాని లెక్కన అది నడుస్తుంది. ఒకటి ఆగుతుంది, ఒకటి సాగుతుంది, వినేవాడికి ఒకటే గోల. కాని బట్ట తయారవుతూనే ఉంటుంది. మన మెదడు కూడా అంతే. కోట్ల కణాలు ఎవరి పని వారు చేస్తుంటేనే మనకు చూపు, మాట, తెలివి ఉంటాయి. ఇప్పుడు అన్ని సాంచాలూ ఒకేసారి లేచి, ఒకేసారి ఆగి, మళ్ళీ ఒకేసారి లేస్తున్నాయనుకోండి. చప్పుడు మాత్రం చక్కగా, తాళం వేసినట్టు ఉంటుంది. బట్ట మాత్రం ఒక్క జానెడు కూడా రాదు. ఆబ్సెన్స్ మూర్ఛలో జరిగేది ఇదే. మెదడు కణాలు సెకనుకు సుమారు 3 సార్లు అన్నీ కలిసి ఒకే తాళంలో కొట్టుకుంటాయి. ఆ కాసేపు బిడ్డకు తెలివి ఉండదు.

మనిషి మెదడు విద్యుత్తును రాసి మొదటిసారి 1929లో లోకానికి చూపించినది జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్. 1935లో అమెరికాలోని బోస్టన్‌లో గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ అనే ముగ్గురు ఈ చూపు నిలిచే పిల్లలకు ఈఈజీ తీసి, సెకనుకు 3 సార్లు లేచే ఈ గీతలను కనిపెట్టారు. అంతకు ముందు వందల ఏళ్ళుగా ఈ పిల్లలను బద్ధకస్తులు అన్నవారే ఎక్కువ. ఆ గీతలను కాగితం మీద చూసిన తర్వాత ఇక ఆ మాట అనడానికి లేకుండా పోయింది.

ఈ తాళం ఎక్కడ నుండి వస్తుంది? మెదడు నడిమధ్యలో థాలమస్ అనే భాగం ఉంది. కన్ను, చెవి, చర్మం నుండి వచ్చే కబుర్లన్నీ దాని గుండానే పై పొరకు వెళ్తాయి. షెడ్డులో మెయిన్ స్విచ్చి బోర్డు లాంటిది. ఆ థాలమస్ కణాల గోడలలో కాల్షియం లోపలికి వచ్చే సన్నని తలుపులు ఉంటాయి. వాటిలో టి-రకం అనేవి చాలా తేలికైనవి, కొద్దిగా తోస్తే చాలు తెరుచుకుంటాయి. ఇవి అతిగా పని చేస్తే థాలమస్, పై పొర రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ 3 దెబ్బల తాళంలో చిక్కుకుంటాయి. అసలు జబ్బు వెనుక ఉన్నది చాలావరకు పుట్టుకతో వచ్చే జన్యువుల తేడా. తల్లి గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసినందుకో, దిష్టి తగిలినందుకో వచ్చింది కాదు. దయచేసి కోడళ్ళను నిందించకండి.

ఎథోసక్సిమైడ్ అనే మందు

1940లలో ఈ మూర్ఛకు ట్రైమెథాడయోన్ అనే మందు వచ్చింది. పని చేసింది కాని రక్తానికీ కిడ్నీలకూ చెరుపు చేసేది. అంతకంటే మెత్తని మందు కోసం వెతుకుతూ రసాయన శాస్త్రజ్ఞులు సక్సినిమైడ్లు అనే జాతి పదార్థాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. వాటిలో మేలైనది ఎథోసక్సిమైడ్. 1958లో న్యూయార్క్ డాక్టరు జిమ్మర్‌మన్, తన సహచరితో కలిసి దీని గురించి ప్రకటించారు. అది ఎలా పని చేస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళ తర్వాత, 1989లో, అమెరికాలో కూల్టర్, హ్యూగెనార్డ్, ప్రిన్స్ అనే శాస్త్రజ్ఞులు జంతువుల థాలమస్ కణాల మీద ఈ మందు వేసి చూశారు. పైన చెప్పిన టి-రకం తలుపుల గుండా వచ్చే కాల్షియం తగ్గింది. అంటే స్విచ్చి బోర్డు దగ్గరే ఆ తాళాన్ని చెడగొడుతుందన్నమాట.

రెండో మందు వాల్‌ప్రోయేట్. దీని కథ వింటే నవ్వు వస్తుంది. 1882లోనే దీనిని తయారు చేశారు. ఎనభై ఏళ్ళు దీనిని వేరే పదార్థాలను కరిగించుకోవడానికే వాడారు. 1962లో ఫ్రాన్సులో పియేర్ ఎమార్ అనే విద్యార్థి కొన్ని కొత్త పదార్థాలను ఇందులో కరిగించి పరీక్షిస్తుంటే, ఏది కరిగించినా మూర్ఛ తగ్గుతోంది. చివరికి తేలింది ఏమిటంటే పని చేస్తున్నది ఆ పదార్థాలు కాదు, కరిగించిన నీళ్ళలాంటి వాల్‌ప్రోయేటే! మూడోది లామోట్రిజిన్, ఇది తరువాతి కాలంలో వచ్చింది.

మూడు మందులు ఉన్నప్పుడు డాక్టర్లలోనే ఒకరు ఒకటి, ఒకరు ఇంకొకటి రాసేవారు. ఏది మేలో సరైన రుజువు చాలా కాలం లేదు.

453 మంది పిల్లల పరిశోధన

ఈ ప్రశ్న తేల్చడానికి అమెరికాలో 2004 నుండి 2007 వరకు 32 ఆసుపత్రులలో పిల్లలను చేర్చుకొని ఒక పెద్ద పరిశోధన జరిగింది. సిన్సినాటి నగరంలోని డాక్టర్ ట్రేసీ గ్లాజర్ దీనికి నాయకుడు. కొత్తగా ఈ జబ్బు బయటపడిన 453 మంది పిల్లలను చీటీ తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క మందు. ఏ బిడ్డకు ఏ మందు వెళ్తోందో తల్లిదండ్రులకూ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. తెలిస్తే "నా మందు మంచిది" అనే మనసు అడ్డం వస్తుంది కదా. ఫలితాలు 2010 మార్చిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

16 వారాల తర్వాత చూస్తే, మూర్ఛ ఆగి, మందు తట్టుకొని నిలబడిన పిల్లలు ఎథోసక్సిమైడ్ గుంపులో నూటికి 53 మంది, వాల్‌ప్రోయేట్ గుంపులో 58 మంది. లామోట్రిజిన్ గుంపులో 29 మందే. మొదటి రెండింటి మధ్య తేడా లెక్కలోకి వచ్చేంత పెద్దది కాదు. అయితే రెండూ సమానమేనా అంటే, కాదు. పిల్లల చేత కంప్యూటరు మీద శ్రద్ధ పరీక్ష కూడా చేయించారు. అక్షరాలు వస్తుంటాయి, ఒక అక్షరానికి తప్ప మిగతా అన్నిటికీ మీట నొక్కాలి. అందులో శ్రద్ధ బాగా తగ్గినట్టు కనిపించిన పిల్లలు వాల్‌ప్రోయేట్ వాడిన వారిలో నూటికి 49 మంది. ఎథోసక్సిమైడ్ వాడిన వారిలో 33 మంది.

ఏడాది తర్వాత మళ్ళీ చూశారు. మందు పని చేస్తున్నవారు ఎథోసక్సిమైడ్‌లో నూటికి 45, వాల్‌ప్రోయేట్‌లో 44, లామోట్రిజిన్‌లో 21. శ్రద్ధలో తేడా అలాగే ఉంది. అందుకే ఇప్పుడు, వేరే రకం ఫిట్స్ లేకుండా ఈ మూర్ఛ ఒక్కటే ఉన్న బిడ్డకు డాక్టర్లు మొదట ఎథోసక్సిమైడ్ గురించి ఆలోచిస్తారు. మూర్ఛను ఆపడమూ, బడిలో చదువు నిలబడడమూ రెండూ కావాలి కదా.

ఈ అంకెల్లో ఇంకొక విషయం ఉంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది అదే. ఏ మందూ మొదలు పెట్టకముందే ఈ పిల్లలలో నూటికి 36 మందికి శ్రద్ధ తక్కువగా ఉంది. మూర్ఛ ఆగిపోయిన తర్వాత కూడా కొందరిలో అది ఉండిపోయింది. అంటే "ఫిట్స్ పోయినయి గదా, ఇంకా ఎందుకు చదవడు?" అని కొట్టడం తప్పు. చూపు నిలవడం తగ్గినా చదువు వెనుకబడితే ఆ సంగతి డాక్టరుకు విడిగా చెప్పండి.

నూటికి 53 అంటే మిగిలిన 47 మంది సంగతి ఏమిటని అడుగుతారు. మొదటి మందుకు లొంగకపోతే రెండోది ఇస్తారు, కొందరికి రెండూ కలిపి ఇస్తారు. ఒక మందుతో తగ్గలేదంటే దారి మూసుకుపోయినట్టు కాదు.

అన్ని ఫిట్స్ మందులూ ఒకటి కావు

సిరిసిల్ల వైపు నుండి ఒక బాబును తీసుకొని వచ్చారు. చూపు నిలిచిపోతోందని వేరే చోట చూపిస్తే కార్బమజెపైన్ రాశారట. ఎవరు రాశారన్నది ఇక్కడ అవసరం లేదు, ఫిట్స్ అంటే చేతికి మొదట వచ్చే పేర్లు అవే. మందు మొదలు పెట్టాక రోజుకు పది సార్లు వచ్చేది యాభై సార్లు అయ్యింది. మందు చాలడం లేదనుకొని తల్లి తానే ఇంకొక అర మాత్ర ఎక్కువ వేసింది. ఇంకా పెరిగింది.

కార్బమజెపైన్, ఫెనిటాయిన్ మంచి మందులే. వేరే రకం మూర్ఛలు ఉన్న ఎందరినో అవి కాపాడుతున్నాయి. కాని ఆబ్సెన్స్ మూర్ఛలో ఇవి జబ్బును పెంచగలవు. ఫినోబార్బిటోన్ దీనికి పని చేయదు. కాబట్టి పక్కింటి పిల్లవాడి ఫిట్స్ మాత్రలు అడిగి వేయకండి. మెడికల్ షాపులో "ఫిట్స్‌కు ఏదన్నా ఇయ్యుండ్రి" అని తీసుకోకండి. ఇంతకు ముందు వాడిన చీటీ ఉంటే, చినిగిపోయినా సరే, తీసుకొని రండి. ఆ బాబుకు మందు మార్చిన తర్వాత నెల రోజుల్లో తల్లి ముఖం మారిపోయింది. కాని అప్పటికే ఒక ఏడాది చదువు పోయింది.

ఎథోసక్సిమైడ్‌కూ ఒక హద్దు ఉంది. కింద పడి కాళ్ళు చేతులు కొట్టుకునే పెద్ద ఫిట్స్‌ను అది ఆపదు. బిడ్డకు రెండు రకాలూ ఉంటే వాల్‌ప్రోయేట్ వంటి వేరే మందు కావాలి. అందుకే "ఒక్కసారన్నా కింద పడి కొట్టుకుందా? నిద్రలో పక్క తడిపి, నాలుక కొరుక్కుందా?" అని అడుగుతాము. దాచకండి.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట

వాల్‌ప్రోయేట్ గురించి ఇది తప్పక తెలిసి ఉండాలి. గర్భంలో ఉన్న శిశువుకు ఇది చెరుపు చేస్తుంది. గర్భిణిగా ఉండి ఈ మందు వాడిన తల్లులకు పుట్టిన పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి వెన్ను, గుండె, పెదవి వంటి చోట్ల అవయవ లోపాలు వస్తాయి. నూటికి 30 నుండి 40 మందికి మాట, నడక, తెలివి ఆలస్యం కావచ్చు. ఏడేళ్ళ పాపకు దీనితో పనేమిటని అనుకోవచ్చు. కాని మందు మొదలు పెట్టి, చీటీ మార్చకుండా ఏళ్ళ తరబడి షాపులో కొనుక్కుంటూ పోయి, పెళ్ళయి గర్భం వచ్చాక మా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు. పాప పెద్దమనిషి అయ్యేలోగా ఈ మాట డాక్టరుతో మాట్లాడండి. అలాగని భయపడి ఒక్కసారిగా ఆపేస్తే పెద్ద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మార్చేది డాక్టరే, మెల్లగా.

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మూర్ఛ ఉన్నవారి పెళ్ళి చెల్లదని చెప్పడానికి ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో, ప్రత్యేక వివాహ చట్టంలో ఒక మాట ఉండేది. 1999లో పార్లమెంటు ఆ మాటను తీసివేసింది. ఇప్పుడు చట్టం ప్రకారం మూర్ఛ పెళ్ళికి అడ్డు కాదు. పైగా ఈ రకం మూర్ఛ చాలామంది పిల్లలలో పదమూడు, పదహారేళ్ళ లోపు దానంతట అదే తగ్గిపోతుంది. కొందరికి మాత్రం ఉండిపోతుంది, కొందరికి పెద్ద ఫిట్స్‌గా మారుతుంది. జబ్బును ఊరికి తెలియకుండా దాచాలని వైద్యానికే తీసుకురాని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, అదే నాకు బాధ.

ఇంట్లో మందు ఇచ్చేటప్పుడు

ఎథోసక్సిమైడ్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందే. అయినా మన ఊళ్ళలో ప్రతి షాపులో ఉండదు, వాల్‌ప్రోయేట్ దొరికినంత సులువుగా దొరకదు. సీసాలో వారం రోజుల మందు మిగిలి ఉండగానే షాపులో చెప్పి తెప్పించుకోండి. అయిపోయాక వెతికితే నడుమ నాలుగు రోజులు పోతాయి. గల్ఫ్ నుండి తండ్రి పంపిన సీసా అయితే ముందు డాక్టరుకు చూపించి, ఎన్ని మిల్లీలీటర్లు ఇవ్వాలో రాయించుకోండి. వంటింటి చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చిన మూతతోనో, సూది లేని సిరంజితోనో కొలవండి.

కడుపులో నొప్పి, వికారం, వాంతి ఈ మందుతో ఎక్కువగా చూసే ఇబ్బందులు. అన్నం తిన్న తర్వాత ఇస్తే చాలావరకు తగ్గుతాయి. కొందరికి ఎక్కిళ్ళు, తలనొప్పి, మగత వస్తాయి. ఇవి భయపడేవి కావు. కాని జ్వరంతో గొంతు నొప్పి, దెబ్బ తగలకుండానే చర్మం మీద కమిలిన మచ్చలు, ఒంటి నిండా దద్దుర్లు, బిడ్డ ప్రవర్తన ఉన్నట్టుండి మారిపోవడం కనిపిస్తే ఆ రోజే రావాలి. వాల్‌ప్రోయేట్ వాడే బిడ్డకు ఆగని వాంతులు, మత్తు, కళ్ళు పచ్చబడడం ఉంటే కూడా అంతే. లామోట్రిజిన్ వాడుతుంటే చిన్న దద్దురైనా చూపించాలి.

చూపు నిలవడం ఆగిపోయిన నెలకే మందు మానేసేవారు చాలామంది. సాధారణంగా రెండేళ్ళ పాటు ఒక్కసారి కూడా రాకుండా ఉంటే, ఈఈజీ చూసి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ డాక్టరు ఆపిస్తారు.

మూర్ఛ వచ్చిన ఆ పది సెకన్లలో ఏం చేయాలి? ఏమీ చేయనక్కరలేదు. చేతిలో తాళాలు, ఇనుము పెట్టకండి. నీళ్ళు చల్లకండి, నోట్లో ఏమీ పోయకండి. పక్కన పొయ్యి, మెట్లు, రోడ్డు ఉంటే చేయి పట్టుకొని పక్కకు జరపండి. తెలివి వచ్చాక బిడ్డ వినలేకపోయిన మాటను మళ్ళీ ఒకసారి చెప్పండి. బడిలో సారు, టీచరమ్మ కూడా ఇంతే చేస్తే చాలు. డాక్టరుతో ఒక చీటీ రాయించి హెడ్మాస్టరుకు ఇవ్వండి. ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. సంగతి తెలిసిన తర్వాత మన ఊళ్ళ సార్లు చాలా బాగా చూసుకుంటారు, తెలియకనే కొడతారు.

అయితే పది సెకన్లే కదా అని నీళ్ళ దగ్గర ఏమరపాటు వద్దు. బావి, చెరువు, ఎస్సారెస్పీ కాలువ, మానేరు వాగు ఎక్కడైనా పెద్దవారు చేయి అందేంత దూరంలో లేకుండా దింపకండి. మూర్ఛ పూర్తిగా అదుపులోకి వచ్చేదాకా రోడ్డు మీద సైకిలు వద్దు, చెట్లెక్కడం వద్దు, నడుస్తున్న సాంచాల మధ్య ఆడనివ్వవద్దు. ఇవి తప్ప ఆట, పాట, తిండి దేనికీ పథ్యం లేదు. కోడిగుడ్డు, వంకాయ మాన్పించనక్కరలేదు.

కోరుట్ల పాప నాయనమ్మకు చదువు రాదు. ఒక పాత నోటు పుస్తకం ఇచ్చి, చూపు నిలిచినప్పుడల్లా ఒక గీత గీయమన్నాను. హైదరాబాదులో ఈఈజీ తీయించి, ఎథోసక్సిమైడ్ మొదలు పెట్టారు. మొదటి వారం ఒక్కొక్క రోజుకు ముప్పై, నలభై గీతలు. మందు మెల్లగా పెంచుతుంటే మూడో వారానికి పది లోపు. ఏడో వారం పేజీ తెల్లగా ఉంది. గీయడం మరిచిపోయిందేమోనని నేను అనుమానంగా చూస్తే, "మర్సిపోలే బిడ్డా, వస్తలేదు" అంది.

మీరు కూడా అలాంటి పుస్తకం ఒకటి పెట్టండి. ఓపీకి వచ్చే రోజు ఆ పుస్తకం, మందు సీసా, పాత చీటీలు, ఈఈజీ కాగితాలు ఒకే సంచిలో వేసుకొని రండి. ఫోనులో వీడియో ఉంటే, దానిని తీసినవారే వస్తే ఇంకా మంచిది.